అడుగు టైలు అడుగు ఉండదు

ప్రశ్న: మా కింది బాత్రూం వెడల్పు టైల్స్ వేశాక నాలుగడుగుల రెండంగుళాలు, పొడవు ఆరున్నర అడుగులు. నేలకి అడుగు టైల్స్ వేయించాం. తలుపు తీయగానే ఎడమ గోడ వెంట నాలుగు వేళ్ళ వెడల్పు కూడా లేని ముక్కలు వరసగా కనిపిస్తున్నాయి. మేస్త్రీని అడిగితే ‘కొలత అలా వచ్చిందమ్మా, నేనేం చేస్తాను’ అంటున్నాడు. పై అంతస్తులోనూ అదే కొలత. అక్కడైనా ఈ ముక్కలు తప్పించుకునే దారుందా? – ఒక గృహిణి, తణుకు

జవాబు: ఉంది. కొలత పాపం ఏమీ చేయలేదు. మేస్త్రీ కుడి మూల నుంచి మొదలుపెట్టి, ఎడమ గోడకి చేరేసరికి మిగిలిన సందులో ముక్కలు దూర్చాడు. జరిగింది ఇంతే.

అందరూ అడుగు టైలు అనేది నిజానికి 300 మిల్లీమీటర్ల పలక. అడుగంటే దాదాపు 305. మీ గది వెడల్పు 1270 మి.మీ. రెండేసి మి.మీ. సందు వదిలి నాలుగు నిండు టైల్స్ పరిస్తే 1208 పోతుంది. మిగిలిన 62 మి.మీ. ముక్కే ఇప్పుడు మీ కంటికి గుచ్చుకుంటున్నది.

పైన నాలుగుకి బదులు మూడే నిండు టైల్స్ వేయించండి. వెడల్పుకి సరిగ్గా మధ్యలో దారం కొట్టించి, నడిమి టైలు సగం అటు, సగం ఇటు వచ్చేలా పెట్టమనండి. అప్పుడు రెండు గోడల పక్కనా ఒకే కొలతలో, సుమారు 180 మి.మీ. ముక్కలు, అంటే ఏడంగుళాలవి, వస్తాయి. వాటిని ఎవరూ ముక్కలనుకోరు. టైల్స్ వేస్టవుతాయని మేస్త్రీ అంటాడు. అదీ నిజమే. పాత పద్ధతిలో ముప్ఫై సరిపోయే చోట ఇప్పుడు ముప్ఫై అయిదు పడతాయి. ఆ అయిదు టైల్స్ ఖర్చు కోసం ఇరవై ఏళ్ళు ఆ ముక్కలు చూస్తూ స్నానం చేయడం ఏం పొదుపో మరి.

పొడవు సంగతి వేరు. అక్కడ ఆరు నిండు టైల్స్ పోగా 170 మి.మీ. దాకా మిగులుతుంది. సగం టైలు కంటే పెద్దదే కాబట్టి మధ్యకి జరపక్కర్లేదు. తలుపు దగ్గర నిండు టైలుతో మొదలుపెట్టి, ముక్కని అవతలి గోడకి, కమోడ్ వెనక్కి పంపేయండి.

ఒక్క జాగ్రత్త. పైన ఇంకా సిమెంటు గోడలే ఉంటే వాటి మధ్య కొలత పనికిరాదు. గోడ టైలు, దాని వెనక మాలు కలిసి ఒక్కో పక్క అంగుళం దాకా తింటాయి. అందుకే చాలామంది మంచి మేస్త్రీలు గోడకి రెండో వరస నుంచి పైకి ముందు వేసుకుంటారు. తర్వాత నేల వేసి, కింది వరసని నేల వాటానికి తగ్గట్టు కోసి చివర్లో కూర్చోబెడతారు. కొలత మూడు చోట్ల తీయండి. మూల మట్టంగా ఉన్న గోడ మన ఇళ్ళలో దొరకడం అరుదు.

మాలు కలపకముందే ఒక వరస పొడిగా పరిచి, తలుపు దగ్గర నిలబడి చూడండి. పావుగంట పని. ఈ పావుగంటకి ఒప్పుకోని మేస్త్రీ చేతికి బాత్రూం అప్పజెప్పకండి.

ప్రశ్న: అయిదడుగులకి ఏడడుగుల బాత్రూం. గది పెద్దగా కనిపిస్తుందని షాపువాళ్ళు నాలుగు బై రెండు టైల్స్ నేలకీ గోడకీ వేయమంటున్నారు. వేయొచ్చా? – ఒక ఉద్యోగి, నిజాంపేట

జవాబు: గోడకి నిక్షేపంగా వేయండి. గీతలు తగ్గితే గది కాస్త విశాలంగా కనిపించే మాట నిజమే. నేలకి మాత్రం షాపువాళ్ళని కాదు, నీళ్ళు పోయే జాలీని అడగాలి.

మన ఇళ్ళలో జాలీ ఎక్కువగా ఒక మూల ఉంటుంది. నీళ్ళు అక్కడికి చేరాలంటే నేల రెండు వైపుల నుంచీ వాలాలి. ప్రతి 80 అంగుళాలకి ఒక అంగుళం వాటం అనుకున్నా, మీ ఏడడుగుల పొడవులో అంగుళం పైనే దిగాలి. అడుగు టైల్స్ అయితే సందు సందు దగ్గరా కొంచెం కొంచెం వంగుతూ దిగిపోతాయి. నాలుగడుగుల పలక వంగదు. దాన్ని ఐమూలగా కోయాలి, లేదంటే మేస్త్రీ వాటం చంపేసి చదునుగా పరిచేస్తాడు. రెండోదే ఎక్కువ జరుగుతుంది. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు జీవితాంతం వైపర్ పట్టుకుంటారు. పెద్ద పలకే కావాలంటే ఒక గోడ వెంట పొడవాటి జాలీ పెట్టించి, నేలంతా ఒకే వైపుకి వాల్చండి. ఆ నిర్ణయం పైపులు వేసే రోజే జరగాలి. టైల్స్ కొన్నాక ప్లంబర్ని పిలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

టైల్స్ కంటే ముందు వాటర్‌ప్రూఫింగ్. అది అయ్యాక జాలీ మూసి, నేల నిండా నీళ్ళు కట్టి కనీసం ఒక రోజు వదిలేయండి. కింది ఇంటి సీలింగ్ పొడిగా ఉంటేనే మేస్త్రీని రమ్మనండి. పని అయ్యాక డబ్బులిచ్చే ముందు ఒక బకెట్ నీళ్ళు కుమ్మరించి, ఎక్కడ నిలిచాయో చూడండి.

ఇంకో మాట. పెద్ద విట్రిఫైడ్ టైలు నీళ్ళు పీల్చదు. దాని పీల్చుడు అర శాతంలోపే. మామూలు సిమెంటు పాలు దాని వెనక సరిగా పట్టవు. గోడకి దాన్ని టైల్ గమ్‌తోనే అంటించాలి. అంటించాక రూపాయి బిళ్ళతో తట్టి చూడండి. గుల్ల శబ్దం వస్తే పీకి మళ్ళీ వేయించండి.

ప్రశ్న: హైలైటర్ టైల్స్ ఏ గోడకి వేయాలి? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తలుపు తీయగానే కనిపించే గోడకి. ఒక్క గోడకే.

ప్రశ్న: తాండూరు బండలు బాత్రూం నేలకి పనికొస్తాయా? – ఒక రైతు, వికారాబాద్ జిల్లా

జవాబు: పనికొస్తాయి, నున్నగా పాలిష్ పట్టించకపోతే. అది సున్నపురాయి కాబట్టి యాసిడ్ సీసా మాత్రం ఇంట్లోకి రానివ్వకండి.

ప్రశ్న: మా అమ్మకి 74 ఏళ్ళు. ఆమె బాత్రూం శుభ్రంగా మెరుస్తూ ఉండాలని నల్లటి గ్లాసీ టైల్స్ ఎంచుకున్నాం. సందుల్లో తెల్ల సిమెంటు బదులు ఎపాక్సీ నింపడం అవసరమా? – ఒక కొడుకు, ఖమ్మం

జవాబు: అడగాల్సింది ఎపాక్సీ గురించి కాదండి. తడి కాలు, సబ్బు నురగ, అద్దం లాంటి నేల, 74 ఏళ్ళ మనిషి. ఈ నాలుగూ ఒక గదిలో పెట్టి తలుపు మూస్తారా?

గ్లాసీ టైల్స్ తిరిగిచ్చేయండి. మ్యాట్ తీసుకోండి. పెట్టె మీద గానీ కంపెనీ కేటలాగ్‌లో గానీ ఆర్10, ఆర్11 అని పట్టు గుర్తు ఉంటుంది, అంకె పెరిగితే పట్టు పెరుగుతుంది. టైలు అడుగుకి మించకుండా ఉంటే సందులే కాలికి ఆసరా. గోడ టైలు చవగ్గా వస్తోందని నేలకి వేయించకండి. అది పల్చన, పది శాతానికి పైగా నీరు పీలుస్తుంది, బరువుకి పగులుతుంది. నలుపూ వద్దు. బోరు నీళ్ళలోని ఉప్పు వారంలో తెల్లటి చారలుగా తేలుతుంది. చారలు పోవాలని యాసిడ్ పోస్తారు, యాసిడ్ సందుల్లోని సిమెంటుని తినేస్తుంది. అందువల్ల ఎపాక్సీ నింపండి, ఖర్చు ఎక్కువైనా. గోడ టైల్స్ వేసే ముందే కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ ఎక్కడొస్తుందో గుర్తు పెట్టించండి.

ఎన్ని పెట్టెలు కొనాలని అడిగిన వారందరికీ: కొలతకి పది శాతం కలపండి, ముక్కలు ఎక్కువుంటే పదిహేను. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా అని ఆటో ఎక్కించే ముందే చూసుకోండి. రేపు కుళాయి రిపేరుకి గోడ కోయాల్సొస్తే ఆ షేడ్ దొరకదు, నాలుగు టైల్స్ అటక మీద ఉంచండి.

ఇకముందు బాత్రూం గురించి రాసేవారు టైల్స్ ఫొటోలు పంపకండి. గోడ నుంచి గోడకి కొలతలు, తలుపు ఎటు ఉంది, జాలీ ఏ మూల ఉంది, ఈ మూడూ ఒక కాగితం మీద గీసి పంపండి.