పాత కారు – కొత్త బ్రేకు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో రూపుదిద్దుకొని, 2014లో ఉత్పత్తి నిలిచిపోయే వరకు అయిదు దశాబ్దాలకు పైగా భారతీయ రహదారులను ఏలిన కారు అంబాసిడర్. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి దీనికి మాతృక. మంత్రులకూ, వైద్యులకూ, టాక్సీవాలాలకూ ఒకే విధంగా సేవలందించిన ఈ వాహనాన్ని నేటికీ తండ్రితాతల ఆస్తిగా భద్రపరచుకొంటున్నవారు ఉన్నారు. వారు రంగు వేయిస్తారు, సీట్లు కుట్టిస్తారు, బంపర్లకు మెరుగు పెట్టిస్తారు. చక్రం లోపల దాగి ఉన్న బ్రేకు మాత్రం చాలామంది దృష్టికి రాదు. కంటికి కనిపించని దానిపై ఖర్చు పెట్టడానికి మనసొప్పకపోవడం మానవ సహజమే కావచ్చు. కాని ఆ బండి ఎదుట రోడ్డు దాటే పాదచారికి మెరిసే బంపరుతో పని లేదు.

తొలినాళ్ళ అంబాసిడర్‌లో 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు ఉండేవి. ఆనాటి ఇరుకైన రోడ్లకూ, నెమ్మదైన ప్రయాణాలకూ అవి సరిపోయాయి. నేటి నాలుగు వరుసల రహదారిపై పరిస్థితి వేరు. కదిలే వస్తువు గతిశక్తి దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మనుషులతో కలిపి 1,200 కిలోలు తూగే కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిశక్తి సుమారు 74 వేల జౌళ్ళు. వేగం 80కి పెరిగితే అది రెట్టింపు కాదు, నాలుగింతలై 2 లక్షల 96 వేల జౌళ్ళకు చేరుతుంది. బ్రేకు చేసే పని ఈ శక్తిని ఉష్ణంగా మార్చి గాలిలోకి వదలడమే.

డ్రమ్ము బ్రేకు బలహీనత ఇక్కడే బయటపడుతుంది. చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ము లోపలి గోడకు రెండు షూలు ఒరుసుకొని వేగాన్ని తగ్గిస్తాయి. పుట్టిన వేడి మూసి ఉన్న ఆ గదిలోనే చిక్కుకొంటుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది; లైనింగు పట్టు సడలుతుంది. 1944లో ప్రారంభమైన తిరుమల మొదటి కనుమదారి వంటి దిగుడు రోడ్డులో, చిన్న గేరు వాడక కేవలం బ్రేకునే నమ్ముకొన్న డ్రైవరుకు మలుపు మలుపునకూ పెడలు మీద మరింత బలం పెట్టవలసి వస్తుంది. చివరకు ఎంత తొక్కినా బండి నిలువదు.

డిస్కు బ్రేకు ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు పొందాడు. తగిన ఒరిపిడి పదార్థం లభించక అది చాలాకాలం మూలపడింది. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ ఇరవైనాలుగు గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ విజయం సాధించడంతో లోకం కళ్ళు తెరిచింది. బహిరంగంగా తిరిగే పలకను ఇరువైపులా ప్యాడ్లు పట్టి నొక్కుతాయి. గాలి తగిలి వేడి త్వరగా పోతుంది. నీరు పడినా పలక తిరుగుతూనే దానిని విసిరివేస్తుంది.

అంతమాత్రాన డ్రమ్ములు ఊడదీసి డిస్కులు బిగించడంతో పని పూర్తయినట్లు కాదు. డ్రమ్ము తిరిగే దిశలో ఉన్న షూను డ్రమ్మే తనవైపు లాగుకొని అదనపు పట్టునిస్తుంది. డిస్కుకు ఆ సౌలభ్యం లేదు. కాబట్టి పెడలు బరువెక్కుతుంది, బూస్టరు అవసరమవుతుంది. బూస్టరు పెట్రోలు ఇంజను పీల్చే శూన్యంతో పనిచేస్తుంది. డీజిలు బండికైతే వేరే వాక్యూమ్ పంపు ఉండాలి. పెద్ద క్యాలిపరు ఎక్కువ నూనెను కోరుతుంది గనుక పాత మాస్టర్ సిలిండరును అలాగే ఉంచితే పెడలు నేల దాకా దిగిపోతుంది. అంతేకాక, డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండరులో కొంత పీడనాన్ని గొట్టాలలో నిలిపి ఉంచే కవాటం ఉండవచ్చు. దానిని తీయకపోతే ప్యాడ్లు పలకను వదలక రాసుకొంటూ కాగిపోతాయి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ముందు చక్రాలకు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉంచడం సాధారణ పద్ధతి. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొంటే కారు గిర్రున తిరుగుతుంది. ఆ సమతుల్యాన్ని కాపాడేందుకు పీడనాన్ని తగ్గించే కవాటం అమర్చుతారు.

నిజానికి డిస్కు కన్న ముందు చేయవలసిన మార్పు మరొకటి ఉంది. పాత కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే నూనె మార్గం. ఎక్కడో ఒక రబ్బరు గొట్టం పగిలితే మొత్తం బ్రేకు పోతుంది; మిగిలేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. ముందు వెనుకలకు వేర్వేరు మార్గాలుండే జంట మాస్టర్ సిలిండరు ఈ ప్రమాదాన్ని తప్పిస్తుంది. అమెరికా 1968 నుంచి కొత్త కార్లకు దీనిని తప్పనిసరి చేసింది. ఆడంబరం లేని ఈ చిన్న మార్పు ప్రాణరక్షణలో పెద్ద డిస్కులకు ఏమాత్రం తీసిపోదు. ఇక పాతబడిన గొట్టాలనూ, గాలిలోని తేమను పీల్చుకొనే బ్రేకు ఆయిలునూ మార్చకుండా కొత్త భాగాలు కొనడం పునాది లేని మేడ కట్టడమే. తేమ చేరిన ఆయిలు తక్కువ వేడికే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ఆవిరి అణగిపోతుందే తప్ప బలాన్ని చేరవేయదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక ఆ ధూళిని గాలితో ఊదరాదు.

అసలు రూపమే ముఖ్యమని వాదించే సంరక్షకులూ ఉన్నారు. వారి మాటలోనూ న్యాయముంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు 50 ఏళ్ళు దాటి, చాసీ, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేని వాహనాలనే వింటేజ్‌గా గుర్తిస్తాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను కూడా నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే మార్పులను అంగీకరించదు. అందువల్ల పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం మేలు. వివేకవంతుడైన యజమాని చాసీని కోయించడు, కొత్త రంధ్రాలు వేయించడు. ఉన్న బోల్టులకే సరిపోయే భాగాలను ఎంచుకొంటాడు. ఊడదీసిన డ్రమ్ములకూ షూ పలకలకూ తుప్పు పట్టకుండా గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి, ఏ చక్రానిదో చీటీ కట్టి అటక మీద దాచిపెడతాడు.