చెత్త నుంచి ఇంధనం: కెమిస్ట్రీ ఇష్టమైతే ఇటు చూడండి

ఇంటర్ అయ్యాక కెమికల్ ఇంజినీరింగ్ అంటే చాలా ఇళ్లలో వెనకాడతారు. వెబ్ ఆప్షన్లలో చిట్టచివర పెడతారు. చెత్త సమస్యకూ ఇంధనం కొరతకూ కలిపి జవాబు వెతికే చదువుకు ఈ గతి పట్టడం బాధాకరం.

పాలిథీన్ సంచి అంటే కార్బన్, హైడ్రోజన్‌ల పొడవాటి గొలుసులు. గాలి తగలకుండా 400-500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే అవి తెగి నూనె, గ్యాస్, మైనంగా మారతాయి. ఇదే పైరాలిసిస్. అయితే ఉత్త వేడికి గొలుసు ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. దాన్ని అదుపు చేసేవి జియోలైట్లు. ఈ స్ఫటికాల నిండా అణువులంత సన్నటి రంధ్రాలుంటాయి. మొబిల్ కంపెనీ 1972లో పేటెంట్ పొందిన జెడ్ఎస్ఎం-5లో రంధ్రం వెడల్పు సుమారు 0.55 నానోమీటర్లే. అది జల్లెడలా పనిచేస్తుంది. లోపల ఆమ్ల గుణమున్న చోట్ల అణువులు విరిగి, ఆ దారిలో పట్టేవే బయటికి వస్తాయి. అందుకే పెట్రోలుకు పనికొచ్చే అణువులు ఎక్కువగా దొరుకుతాయి.

వరిగడ్డి, వేరుశనగ పొట్టులాంటి వాటితో చిక్కు వేరు. వాటి నుంచి వచ్చే నూనెలో బరువు లెక్కన 35-40 శాతం ఆక్సిజనే. పుల్లగా ఉంటుంది, నిల్వకు ఆగదు, ఇనుమును తినేస్తుంది. జియోలైట్ ఆ ఆక్సిజన్‌ను నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా తీసేస్తుంది. గడ్డిలో హైడ్రోజన్ తక్కువ, ప్లాస్టిక్‌లో ఎక్కువ. రెండింటినీ కలిపి వేడి చేస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. పరిశోధనలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించే దారి ఇదే.

అసలు కష్టం ఉత్ప్రేరకాన్ని, అంటే ఈ జియోలైట్‌ను, బతికించుకోవడంలో ఉంది. రంధ్రాల్లో మసి పేరుకుంటే పని ఆగిపోతుంది. గాలి పంపి ఆ మసిని కాల్చి మళ్లీ వాడుకోవాలి. చెత్తలో పీవీసీ ముక్కలు కలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ పుట్టి యంత్రాలను కొరికేస్తుంది. గడ్డి బూడిదలోని పొటాషియం ఆమ్ల స్థానాలను చంపేస్తుంది. ఈ మురికి సమస్యలతో కుస్తీ పట్టగలిగే వాళ్లే ఈ రంగానికి కావాలి.

దారులు రెండు. ఒకటి, ఈఏపీసెట్ లేదా జేఈఈతో కెమికల్ ఇంజినీరింగ్. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా టెక్నాలజీ కళాశాల, విశాఖలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ మనకు దగ్గర. రెండోది, బీఎస్సీ కెమిస్ట్రీ చేసి జామ్ లేదా రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా ఎమ్మెస్సీ. ఆపై గేట్ లేదా సీఎస్ఐఆర్ నెట్. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. హైదరాబాద్ ఐఐసీటీ, పుణె ఎన్‌సీఎల్, డెహ్రాడూన్ ఐఐపీ, ఐఐటీ మద్రాస్ ఉత్ప్రేరకాలపై లోతుగా పనిచేసే చోట్లు. రోజుకు ఒక టన్ను ప్లాస్టిక్‌ను డీజిల్‌గా మార్చే ప్రయోగాత్మక ప్లాంటును ఐఐపీ 2019లో గెయిల్‌తో కలిసి ప్రారంభించింది.

ఉద్యోగాల సంగతి సూటిగా చెప్పాలి. కేవలం ప్లాస్టిక్ నూనె ప్లాంట్ల మీదే ఆశ పెట్టుకోవద్దు, ఆ రంగం ఇంకా చిన్నది. కానీ ఉత్ప్రేరకాల పని తెలిసిన వాళ్లను రిఫైనరీలు, పెట్రోకెమికల్స్, ఫార్మా కంపెనీలు తీసుకుంటాయి. ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్‌కూ, బెంగళూరులో హెచ్‌పీసీఎల్‌కూ పెద్ద పరిశోధన కేంద్రాలున్నాయి. అందుకే డిగ్రీలో "వేస్ట్ టు ఎనర్జీ" అని పేరున్న కోర్సు కోసం వెంపర్లాడే కంటే రియాక్షన్ ఇంజినీరింగ్, భౌతిక రసాయన శాస్త్రం గట్టిగా చదవడం మేలు.

ఫైనలియర్ ప్రాజెక్టుకు ఎక్కడినుంచో తెచ్చిన రిపోర్టును కాపీ కొట్టకండి. పాల ప్యాకెట్ కవర్లు, వేరుశనగ పొట్టు వేర్వేరు పాళ్లలో కలిపి, జియోలైట్‌తోనూ అది లేకుండానూ టీజీఏలో (వేడి చేస్తూ బరువు తూచే యంత్రంలో) వేడి చేసి, ఏ వేడికి ఎంత బరువు తగ్గుతోందో గ్రాఫు గీయండి. రంధ్రాల ఉపరితల వైశాల్యాన్ని కొలిచే బీఈటీ, స్ఫటికాన్ని చూపే ఎక్స్‌ఆర్‌డీ యంత్రాలు మీ కాలేజీలో లేకపోతే దగ్గరి విశ్వవిద్యాలయంలో రుసుము కట్టి నమూనాలు పరీక్ష చేయించుకోవచ్చు. జియోలైట్‌ను వాడకముందుతో పోలిస్తే వాడాక ఉపరితల వైశాల్యం ఎంత తగ్గిందో, ఎందుకు తగ్గిందో మీ మాటల్లో వివరించగలిగితే పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ దగ్గర సొంత విషయం ఉన్నట్టే.