వినికిడి యంత్రమును ఎన్నుకొనుట ఎట్లు?

గ్రామసభలో చదివిన తీర్మానము వినబడని వృద్ధుడు సభలో కూర్చుండియు లేనివాడే యగును. చెవుడును పరిహసించుటయు, ముసలితనమని విడిచిపెట్టుటయు మన పల్లెలలో పరిపాటి. ఈ రెండును తగవు. సరియైన పరీక్ష, తగిన యంత్రము లభించినచో పెక్కుమంది మరల నలుగురితో మాటలాడగలరు.

ముందు పరీక్ష, పిదప యంత్రము

గుబిలి గట్టిపడుట, చీము కారుట, కర్ణభేరికి రంధ్రము పడుట - వీనికి చికిత్స కలదు. లోచెవిలోని సూక్ష్మకణములు వయస్సు వలననో, రైసుమిల్లులు, ఇంజన్ల రొద వలననో క్షీణించినప్పుడు యంత్రము సాధారణముగా ఆధారమగును. కావున ప్రకటన చూచి యంత్రము కొనరాదు. రాజమహేంద్రవరము, కాకినాడ ప్రభుత్వాసుపత్రుల వంటి చోట్ల ముక్కు, చెవి, గొంతు వైద్యుని చూచి, వినికిడి పరీక్ష చేయించుకొనవలెను. ఉన్నట్లుండి చెవి వినబడకపోయినచో ఒక్కదినమైనను జాగు చేయరాదు.

ఏ యంత్రము ఎవరికి?

జేబులో నుంచుకొను యంత్రమునకు మీటలు పెద్దవి. చేతులు వణకువారికి అనుకూలము. చెవి వెనుక తగిలించునది చాలమందికి సరిపోవును. చెవిలోపల నిముడునది కంటికి కనబడదు గాని, చూపు మందగించినవారికి దానిని పట్టుకొనుటయే కష్టము. చీము కారు చెవికి పనికిరాదు. ధ్వనులనన్నింటిని ఒకే తీరున హెచ్చించు చౌక పరికరముకంటె, పరీక్షాఫలితము ననుసరించి అమర్చు డిజిటల్ యంత్రము మేలు. చెవి కొలతకు చేసిన అచ్చు సరిగా కుదరనిచో యంత్రము ఈలవేయును. కొనుటకుముందు నిశ్శబ్దమైన గదిలోనే గాక, పదిమంది మాటలాడుచోట కూడ పెట్టుకొని చూడవలెను. మరమ్మతు ఎక్కడ, హామీ ఎంతకాలము, బ్యాటరీ ఖర్చెంత అని అడుగవలెను. అలవాటు పడుటకు కొన్ని వారములు పట్టును. మొదటి దినముననే విసుగు చెందరాదు.

మన డెల్టా గాలిలో తేమ హెచ్చు. రాత్రివేళ బ్యాటరీ అర తెరచి, తేమను పీల్చు సిలికాజెల్ గల డబ్బాలో యంత్రము నుంచవలెను. స్నానమునకు ముందు తీయవలెను. చిన్నబ్యాటరీలను పిల్లల కందనీయరాదు, మ్రింగినచో ప్రాణాపాయము.

ప్రభుత్వ సహాయము

2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభింపబడిన రాష్ట్రీయ వయోశ్రీ పథకము క్రింద, 60 ఏండ్లు నిండిన పేద వృద్ధులకు ఉచితముగా వినికిడి యంత్రము లిచ్చుటకు ఏర్పాటు కలదు. వికలాంగులకు ఉపకరణము లొసగు కేంద్రపథకము 1981 నుండి నడచుచున్నది. దానికి 40 శాతము వైకల్యమును చూపు ధ్రువపత్రము కావలెను. మన రాష్ట్రమున సదరం శిబిరములలో అట్టి పత్రము లొసగుదురు.

పసిపిల్లల విషయము మరింత తొందరైనది. ఆరునెలల బిడ్డ చప్పుడు వచ్చినవైపు తల త్రిప్పనిచో వెంటనే పరీక్ష చేయించవలెను. చెవి వినబడనిదే మాటలు రావు. తొలి ఏండ్లు గడచిన పిదప నేర్పుట కష్టము. యంత్రముతో ఫలితము లేని పిల్లలలో కొందరికి కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్స ఉపకరించును.

పంచాయతీ చేయదగిన పని

ఆశా కార్యకర్తల సాయముతో వినికిడి తగ్గినవారి పట్టిక తయారు చేయుడు. శిబిరములో యంత్రము పొందినవారిని నెల దినముల పిదప మరల కలిసికొనుడు. అడుగువారు లేకనే పెక్కు యంత్రములు పెట్టెలలో మూలబడును. గ్రామసభలో అట్టివారిని ముందువరుసలో కూర్చుండబెట్టుడు. మాటలాడువారి ముఖము కనబడునట్లు చూచి, ముఖ్యాంశములను బల్లపై వ్రాయించుడు. ఈ చివరి పనులకు ఖర్చేమియు లేదు. వచ్చే సభనుండియే మొదలిడవచ్చును.