రచయిత ఇల్లు చూడడం ఎలా? (మార్క్ ట్వేన్ ఇంటి పాఠం)



గొప్ప రచయితలు కాలం చేశాక, వారు ఉన్న ఇంటిని కొన్ని చోట్ల మ్యూజియంగా కాపాడతారు. చూడవచ్చిన వారిని ఒక గైడు వెంటబెట్టుకుని గది గదికీ తిప్పి వివరం చెబుతారు. (గైడు అంటే పరీక్షల ముందు మనం చదివే గైడు కాదండోయ్! దారి చూపే మనిషి.) అలాంటి ఇంట్లో ఏం చూడాలి, ఏం వినాలి, ఏం అడగాలి అన్నదే ఈ పాఠం. దీనికి ఉదాహరణగా అమెరికాలో మార్క్ ట్వేన్ ఇల్లు తీసుకుందాం.

1. ఆయన ఎవరు?

అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835లో పుట్టి 1910లో చనిపోయారు. టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ అనే అల్లరి పిల్లల కథలు రాసింది ఈయనే. కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో ఇల్లు కట్టించుకుని, భార్య ఒలీవియాతో, ముగ్గురు ఆడపిల్లలతో 1874 నుంచి 1891 దాకా, అంటే 17 ఏళ్ళు ఉన్నారు. ఆ ఇంట్లో 25 గదులు!

2. గైడు వెంట నడుద్దాం

ఆ ఇంట్లో మన ఇష్టమొచ్చినట్టు తిరగడానికి లేదు. కొద్దిమంది చొప్పున గైడుతోనే వెళ్ళాలి. మొదట కింది అంతస్తు. ఆ దేశంలో చలి ఎక్కువ కదా, మనం వాకిట్లో వేసుకునే నెగడుని వాళ్ళు గోడలో గూడు కట్టి లోపలే పెట్టుకుంటారు. పుస్తకాల గదిలో ఆ గూడు పైన చెక్క బల్ల, దాని మీద వరసగా బొమ్మలు, పటాలు. పిల్లలు కథ అడిగితే ట్వేన్ గారు ఆ వస్తువులన్నీ వచ్చేలా అప్పటికప్పుడు కథ కట్టాలి. వరస తప్పకూడదు. పిల్లి పటంతో మొదలుపెట్టి ఒక అమ్మాయి పటంతో ముగించాలి. ఇది పిల్లలు పెట్టిన రూలు!

పడక గదిలో వెనిస్ నగరం నుంచి తెచ్చిన పెద్ద మంచం. తలవైపు చెక్కిన బొమ్మలు అందంగా ఉన్నాయని, అవి చూస్తూ పడుకోడానికి కాళ్ళవైపు తలగడ వేసుకునేవారట. మూడో అంతస్తులో బిలియర్డ్స్ ఆడే గది. ఆయన రాసుకునే గది కూడా అదే. అయితే పుస్తకాలన్నీ ఇక్కడే రాయలేదు. వేసవిలో ఎల్మైరా అనే ఊళ్ళో భార్య తరఫు వారి పొలం దగ్గర కూర్చుని చాలా రాశారు.

3. కష్టం కూడా వినాలి

ఇంత ఇల్లు ఎందుకు వదిలారు? అక్షరాలు కూర్చే ఒక కొత్త యంత్రం మీద డబ్బంతా పెట్టారు. అది సరిగా పనిచెయ్యలేదు. 1894లో ఆయన పుస్తకాల కంపెనీ కూడా దివాలా తీసింది. అప్పులు తీర్చడానికి 1895లో దేశదేశాల్లో ఉపన్యాసాలు ఇస్తూ బయలుదేరారు. 1896 మొదట్లో మన దేశానికీ వచ్చారు. బొంబాయిలో దిగి, చాలా ఊళ్ళు తిరిగి, కలకత్తాలో ఓడ ఎక్కారు. ఆ ఏడాది ఆగస్టులో ఆయన ఇంగ్లండులో ఉండగా పెద్దమ్మాయి సూజీ ఆ హార్ట్‌ఫర్డ్ ఇంట్లోనే జబ్బుచేసి చనిపోయింది. వయసు 24. తండ్రికి కడసారి చూపు కూడా దక్కలేదు. తర్వాత ఆ కుటుంబం ఆ ఇంట్లో కాపురం పెట్టలేకపోయింది. 1903లో అమ్మేశారు. అప్పులు మాత్రం పైసాతో సహా తీర్చారు.

4. ఎవరి పేర్లు చెబుతున్నారు?

మిత్రులారా, ఇది ముఖ్యం. ఆ ఇంటికి డబ్బు చాలావరకు ఒలీవియా గారి పుట్టింటి ఆస్తి నుంచి వచ్చింది. ఆ ఇంట్లో జార్జ్ గ్రిఫిన్ అనే నల్లజాతి ఆయన పనిచేశారు. పుట్టుకతో బానిస. కిటికీలు తుడవడానికి వచ్చి ఏళ్ళ తరబడి ఉండిపోయి, ఇంటి పనంతా చూసుకున్నారు. ఇలాంటి పేర్లు చెప్పకపోతే 25 గదులూ వాటంతట అవే ఊడ్చుకున్నాయని అనుకుంటాం! ఈ మ్యూజియంలో ఇంటి పనివారి వేషం వేసిన నటులు తిప్పి చూపించే టూర్లు కూడా పెట్టారు.

ఒక్కసారి ఆలోచించండి. రేపు ఎవరైనా మన హాస్టలు కథ చెబితే, తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగించే వంట అక్కల పేర్లు అందులో ఉంటాయా? రాత్రి కాపలా కాసే వాచ్‌మన్ తాత పేరు ఉంటుందా? మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?

5. ఇల్లు ఎలా మిగిలింది?

అమ్మేశాక అది కొన్నాళ్ళు మగపిల్లల బడి అయింది. తర్వాత అద్దె వాటాలుగా చేశారు. చివరికి పడగొట్టబోతే కేథరిన్ డే అనే ఆవిడ పూనుకుని, చందాలు పోగుచేయించి, 1929లో కొనిపించి కాపాడారు. ఎన్నో ఏళ్ళు బాగుచేసి, ఇల్లు కట్టి నూరేళ్ళయిన 1974 నాటికి పాత రూపానికి తెచ్చారు.

6. గుర్తుంచుకోవలసినవి

(అ) వస్తువు చూసి ఊరుకోకుండా, దాన్ని ఎవరు వాడారో అడగాలి.
(ఆ) గైడు చెప్పిన దానిలో ఏది రాసిపెట్టి ఉంది, ఏది "అట" అన్న మాట అని అడగాలి. మర్యాదగా అడిగితే మంచి గైడు సంతోషిస్తారు.
(ఇ) ఎవరి పేరు రాలేదో గమనించాలి.
(ఈ) తిరిగి వచ్చిన రోజే నోటుబుక్కులో రాసుకోవాలి.

విజయనగరంలో మన గురజాడ అప్పారావు గారి ఇల్లు ఉంది. ఎక్స్‌కర్షన్‌కి అటు వెళ్ళే అవకాశం వస్తే ఈ నాలుగూ పాటిద్దాం.

అభ్యాసం: సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో బాగా కథలు చెప్పే అవ్వ ఇంటికో, తాత ఇంటికో వెళ్ళండి. అక్కడున్న ఐదు వస్తువుల గురించి అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకు రండి. వచ్చే సంచికలో ఈ గోడ మీదే పెడదాం.