వేలికి, తెరకు నడుమ

మహబూబునగరము

చిరంజీవియగు మేనకోడలికి,

నీ జాబు చేరినది. నల్లగొండలో కూర్చుండి, పూనాలోని డేటా సెంటరున నడచుచున్న వర్చువల్ డెస్క్‌టాపుల మంచిచెడ్డలు కనిపెట్టు పనిలో చేరితివనియు, చేరిన దినమునుండియు “సిస్టం స్లో ఉన్నది” అను ఫిర్యాదు తప్ప వేరొండు వినలేదనియు, చూడబోయిన నీ పట్టికలలో ప్రాసెసరు వాడకపు సగటు సగమునైనను దాటలేదనియు వ్రాసితివి. పట్టిక బాగున్నది గనుక ఫిర్యాదును మూసివేయుమని పైవారు సెలవిచ్చిరట. అది తగదు బిడ్డా. మీట నొక్కిన మనిషికి అక్షరమెప్పుడు కనబడినదన్నదే అసలు ప్రశ్న. ప్రాసెసరు ఎంత తీరికగా నున్నదన్నది దానికి దూరపు చుట్టము మాత్రమే.

నీవు ‘క’ అను మీట నొక్కితివనుకొనుము. ఆ నొక్కుడు నీ ముందున్న పెట్టెనుండి బయలుదేరి, ఆఫీసు వైఫైని దాటి, భూమిలోని గాజుతీగె వెంట హైదరాబాదు మీదుగా పూనా చేరి, అచట గేట్‌వేను గడచి, నీకు కేటాయింపబడిన హోస్టు యంత్రములో వరుసయందు నిలువగా, వర్డో ఎక్సెలో దానిని అందుకొని తెరను మార్చిన పిమ్మట, ఆ మార్పు బొమ్మగా కుదింపబడి, వచ్చిన దారినే మరలివచ్చి నీ కంటబడవలయును. ఇంతయు ఎంత కాలములో ముగియవలెనని అడుగుదువేని, 1968లోనే రాబర్టు మిల్లరు అను అమెరికా మనస్తత్త్వవేత్త ఈ విషయమును విచారించి, మీటకును దాని ఫలితమునకును నడుమ సెకండులో పదవ వంతు, మహా అయిన అయిదవ వంతు మించి గడువరాదని నిర్ణయించియున్నాడు. యంత్రములు ఎన్నో మారులు మారినవి. మన వేళ్లు మారలేదు, ఆ హద్దును మారలేదు.

మొదట దారి సంగతి చూతము. గాజుతీగెలో వెలుగు సెకండునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. నల్లగొండనుండి పూనాకు ఏడు వందల కిలోమీటర్లని ఉదారముగా లెక్కించినను, పోయి వచ్చుటకు 7 మిల్లీసెకండ్లు చాలును. తీగె వంకరటింకరగా పోవుటచే అది రెండింతలైనను మనిషి కనిపెట్టలేడు. కావున దూరమును నిందించుట అన్నింటికంటె సులభమైన సాకు, తరచుగా అబద్ధము కూడ. మన దక్షిణ తెలంగాణమున ఒకప్పుడు ఆ సాకునకు బలముండెను. పిదప 2023 మే నెలలో మహబూబునగరము చేరువ దివిటిపల్లిలోను, అదే యేడు అక్టోబరులో నల్లగొండలోను ఐటీ టవర్లు తెరువబడినవి. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన మీ జిల్లాకు కృష్ణాజలమును తెచ్చుటకై త్రవ్విన మిషన్ భగీరథ కందకములనే ఆసరాగొని టీ-ఫైబరు అను ఇంటర్నెట్ తీగెకును గొట్టములు పరచిరి. మా పాత పాలమూరు జిల్లాలోనివై, 2016లో రంగారెడ్డిలో కలిసిన మేకగూడ, ఎలికట్ట గ్రామములలో మైక్రోసాఫ్టు సంస్థ డేటా సెంటర్లకై భూములు కొనియున్నది. పూనా దూరమేమో అనుకొనుచుండగా యంత్రములే మన పొలిమేరకు నడచివచ్చుచున్నవి! అయినను, వచ్చిన తరువాతకూడ నీకు ఫిర్యాదులు వచ్చుచునే యుండును. ఏలయనగా ఆలస్యములో పెద్ద పాలు దారిలో లేదు, వాకిట నున్నది.

తపాలావాడు జాబును వేళకే కచేరికి తెచ్చి ఇచ్చినను, గుమాస్తా బల్లపై అది మూడు దినములు పడియుండినచో, తపాలాశాఖపై అర్జీ పెట్టి ఏమి ఫలము? ఆ బల్లపై పడియుండు కాలమును మాత్రమే కొలుచుటకు మైక్రోసాఫ్టువారు విండోస్ 10లో 1809 సంఖ్యగల కూర్పునుండియు, విండోస్ సర్వర్ 2019నుండియు, ‘యూజర్ ఇన్‌పుట్ డిలే’ అను కౌంటరును కల్పించిరి. మీట నొక్కుడు గాని మౌసు కదలిక గాని హోస్టులోని వరుసలో చేరిన క్షణమునుండి, సంబంధించిన ప్రోగ్రాము దానిని చేతబట్టిన క్షణమువరకు ఎన్ని మిల్లీసెకండ్లు గడచెనో అది చెప్పును. సెషన్ (ఒక్కొక్కరి లాగిన్) వారీగా నొకటి, ప్రాసెస్ వారీగా నొకటి, రెండు రూపములు కలవు. రెండవదానిలో సెషన్ సంఖ్య, ప్రాసెస్ సంఖ్య, ప్రోగ్రాము పేరు వరుసగా కనబడును.

ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చదువుటయే నీ విద్యలో సారము, తొందరపడక నేర్చుకొనుము. ఒక సెషన్‌లో ఒక ప్రోగ్రాము మాత్రమే ఆలసించి తక్కినవి చురుకుగా నున్నచో, హోస్టును పెద్దది చేయుటకు డబ్బు తగులబెట్టవలదు. ఆ మనిషి తెరిచిన బండెడు ఎక్సెల్ పుస్తకమో, అందలి మాక్రోయో కారణము కావచ్చును. అదే ప్రోగ్రాము అందరి సెషన్లలోను, అన్ని హోస్టులపైనను ఒకే వేళ ఆలసించినచో, అది వెనుకనున్న డేటాబేసు జవాబుకై నోరు తెరచుకొని నిలిచి, ఆ వేళ మీటలను అందుకొనుట మానినదని ఊహింపుము. ఒక హోస్టుపైనున్న వారందరికి, అన్ని ప్రోగ్రాములలోను ఆలస్యము కనబడినచో, ఆ యంత్రమే అలసినది: సోమవారము ఉదయము పది గంటలకు అందరు ఒక్కసారి లాగిన్ అగుటయో, యాంటీవైరస్ తనిఖీయో, మెమరీ చాలక డిస్కునకును దానికిని నడుమ జరుగు నిరంతర బదిలీయో. హోస్టులన్నియు ఏకముగా తూలినచో యూజర్ ప్రొఫైళ్లు నిలువయుండు ఉమ్మడి స్టోరేజిని చూడుము.

నీ పట్టిక నిన్ను మోసగించిన తీరు ఇప్పుడు చెప్పెదను. ప్రాసెసరునకు నీవు చూచినది అయిదు నిమిషముల సగటు. ఆ అయిదు నిమిషములలో నాలుగు సెకండ్లు యంత్రము స్తంభించినను, సగటు చెక్కుచెదరదు. కాని ఆ నాలుగు సెకండ్లలో టైపు చేయుచున్న పిల్లవాడు అదే మీటను మరి రెండుమార్లు కొట్టి, పిదప వచ్చిపడిన అక్షరముల గుంపును చెరిపి, నీకు ఫోను చేయును. యూజర్ ఇన్‌పుట్ డిలే సగటు చెప్పదు. తన కొలమాన వ్యవధిలో అన్నింటికంటె దీర్ఘమైన ఆలస్యమును చెప్పును. ఆ వ్యవధి మార్చకున్న 1 సెకండు. ఇందు నొక చిక్కు కలదు, దీనిని పెద్దవారును విస్మరింతురు. కౌంటరు ప్రతి సెకండునకు కొత్త లెక్క వ్రాయుచుండగా, నీవు 30 సెకండ్లకొకమారు తొంగిచూచినచో, ఆ ఒక్క సెకండుది నీకు దక్కును, నడిమి ఇరువదితొమ్మిది గాలికి పోవును. కావున రిజిస్ట్రీలో దాని వ్యవధిని నీవు సేకరించు వ్యవధికి సమానము చేయుము.

ఈ కౌంటరునకు దారి కనబడదు. అది సున్నకు చేరువగా నుండి, మనిషి మాత్రము మొరపెట్టుచున్నచో, రౌండ్ ట్రిప్ టైము, అనగా దారిలో పోయివచ్చు కాలము, చూడుము. 150 మిల్లీసెకండ్ల లోపల సామాన్యమైన పని సాగును. 200 దాటినచో చేయి తడబడును. ఏడు పదునాలుగు మిల్లీసెకండ్ల దారికి అంత పట్టినదనగా, ఆఫీసు వైఫై కిక్కిరిసియుండుటయో, దూరదేశపు వీపీఎన్ చుట్టు తిరుగుటయో జరిగియుండును. గేట్‌వేను తప్పించి యూడీపీ మార్గమున నేరుగా పోవు షార్ట్‌పాత్ పనిచేయుచున్నదో లేదో కూడ విచారింపుము. ఇన్‌పుట్ డిలే, రౌండ్ ట్రిప్ టైము రెండును మంచిగానుండి బొమ్మ మాత్రము కుంటుచున్నచో, రిమోట్ ఎఫ్‌ఎక్స్ గ్రాఫిక్స్ కౌంటర్లలో విడువబడిన ఫ్రేముల సంఖ్యను అడుగుము. అవి సర్వరు అశక్తతవలననో, నెట్‌వర్కువలననో, యూజరు పెట్టెవలననో విడువబడెనని విడివిడిగా చెప్పును.

పైవారితో వాదమునకు దిగవలదు. ఫిర్యాదు చేసినవారిని ఏ వేళ, ఏ ప్రోగ్రాములో, ఏమి చేయుచుండగా జరిగెనని మర్యాదగా అడిగి వ్రాసికొని, ఆ నిమిషపు గరిష్ఠ ఆలస్యమును ప్రక్కన చేర్చి పంపుము. హోస్టు అలసినదని తేలినచో, యంత్రమును పెంచుటకు పూర్వము ఒక్కొక్క హోస్టుపై సెషన్ల గరిష్ఠ పరిమితిని తగ్గించి, వచ్చు సోమవారము పది గంటల లెక్కలను ఈ సోమవారపు లెక్కలతో పోల్చి చూడుము. ఆ రెండు పట్టికలను నాకును పంపుము. అమ్మకు నా మాటగా క్షేమమడిగితినని చెప్పుము.

ఇట్లు,
నీ మేనమామ