స్కూల్ కౌన్సెలర్ కావాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: బీఎస్సీ, బీఎడ్ పూర్తిచేసి ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు తమ కష్టాలు నాతో చెప్పుకుంటారు. స్కూల్ కౌన్సెలర్ కావాలంటే ఏ కోర్సు చేయాలి?
– ఓ పాఠకురాలు, మరిపెడ

జవాబు: పిల్లలు మీ దగ్గర మనసు విప్పుతున్నారంటే ఈ వృత్తికి కావలసిన తొలి అర్హత మీకుంది. ఇక శిక్షణ కావాలి. మీ ముందు రెండు దారులున్నాయి.

మొదటిది, ఎన్‌సీఈఆర్‌టీ నిర్వహించే డిప్లొమా ఇన్ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్. తెలుగు రాష్ట్రాల వారికి మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ కేంద్రం. ఏడాది కోర్సులో ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ప్రత్యక్ష తరగతులు, మూడు నెలలు సొంత ప్రాంతంలో ఇంటర్న్‌షిప్. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు ఇది అనువైనది. మైసూరులో ఉండాల్సిన మూడు నెలలకు సెలవు గురించి యాజమాన్యంతో ముందే మాట్లాడండి.

రెండోది, సైకాలజీలో రెండేళ్ల పీజీ. ఉస్మానియాలో ఈ విభాగం ఉంది. పునాది గట్టిపడాలంటే ఇదే మేలు.

అమెరికాలో స్కూల్ కౌన్సెలర్లకు రాష్ట్రాలే ధ్రువపత్రం ఇస్తాయి. మన దగ్గర అలాంటి ప్రత్యేక లైసెన్సు లేదు. అందుకే వారాంతపు కోర్సుల సర్టిఫికెట్లకు డబ్బు పోయకండి.

ఒక్క హద్దు గుర్తుంచుకోండి. పిల్లలు చెప్పినవి గోప్యంగా ఉంచాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే మాత్రం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. ఆత్మహత్య ఆలోచనలు కనిపిస్తే తల్లిదండ్రులను, వైద్యులను వెంటనే సంప్రదించండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 తరగతి గోడపై రాయించండి.