ఒక వేరు, రెండు తైలాలు

హిందీ వ్యాసంలో ‘ఖస్’ అన్న మాట ఎదురైతే అనువాదకుడు తడుముకోకుండా ‘వట్టివేరు’ అని వ్రాస్తాడు. ఆయుర్వేదంలోని ఉశీరమూ అదే. వేసవిలో గుమ్మాలకు కట్టి నీళ్లు చల్లే తడికలు, మంచినీళ్ల కుండలో వేసే వేళ్లు ఈ గడ్డివే. వృక్షజాతి ఒక్కటే కనుక నిఘంటువును తప్పు పట్టలేము. కాని వేళ్ల నుండి తీసిన తైలాన్ని పరీక్షించే రసాయన శాస్త్రజ్ఞుడు ఈ రెండు మాటలను పర్యాయపదాలుగా అంగీకరించడు.

ధ్రువిత కాంతిని ఉత్తరాది అడవి ఖస్ తైలం గుండా పంపితే అది ఎడమవైపు తిరుగుతుంది. దక్షిణాదిన సాగుచేసే వట్టివేరు తైలం దానిని కుడివైపు తిప్పుతుంది.

రెండింటిలోనూ అధికభాగం సెస్క్విటెర్పీన్ వర్గపు పదార్థాలే. వీటి అణువులో సాధారణంగా 15 కర్బన పరమాణువులుంటాయి. నిమ్మగడ్డి నూనెలోని సిట్రాల్‌లో ఉన్నవి 10 మాత్రమే. అందుచేత అది త్వరగా ఆవిరవుతుంది. వట్టివేరు తైలం అలా కాదు. ఒక్క బట్టీకి సుమారు ఒక పగలూ ఒక రాత్రీ మంట ఆరకుండా చూడాలి. చివరకు నూటికి ఒక పాలు నూనె దక్కితే మంచి వేళ్లు అన్నట్లే. దాని సాంద్రత ఇంచుమించు నీటికి సమానం కావడంతో తేటపడి వేరవడం కూడా కష్టమే. కన్నౌజ్‌లో రాగి పాత్రలలో తీసే ‘రూహ్ ఖస్’కు పచ్చని రంగు వచ్చేది ఆ రాగి వల్లనే.

దక్షిణాది తైలంలో ఖుసిమోల్ అనే ఆల్కహాలు, ఆల్ఫా, బీటా వెటివోన్ అనే కీటోన్లు ముఖ్యమైనవి. ఉత్తరాది తైలంలో ఖుసినోల్, ఖుసిలాల్ ప్రధానం, వెటివోన్లు కానరావు. పైగా దీనిలోని కొన్ని అణువుల నిర్మాణం, ఎడమచేయి కుడిచేతికి ప్రతిబింబమైనట్లు, దక్షిణాది వర్గానికి విపర్యయంగా ఉంటుంది. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఈ తైలాలపై 1950, 60 దశకాలలో విశేష కృషి చేశారు. అయినా ఆ పరిమళానికి మూలమేదన్న ప్రశ్న చాలాకాలం నిలిచింది. విస్తారంగా ఉండే ఖుసిమోల్‌కు వాసన అల్పం. అతి స్వల్పంగా ఉండే వేరొక కీటోనే అసలు పరిమళకారి అని, దానిని కృత్రిమంగా నిర్మించిన జర్మన్ శాస్త్రజ్ఞులు 2021లో నిరూపించారు.

ఈ భేదం ప్రయోగశాలకే పరిమితమైనది కాదు. ఉత్తరాది రకం విరివిగా విత్తు కడుతుంది. దక్షిణాది రకం అరుదుగా తప్ప విత్తు కట్టదు, పిలకలు నాటాలి. కోతకు గురయ్యే గట్లపై, పొలంలోకి పాకదన్న ధైర్యంతో, నాటదగినది ఇదే. పేరును మాత్రమే నమ్మి మొదటిదాన్ని గట్టుపై నాటిన రైతుకు కలుపు మిగలవచ్చు. రెండవదాన్ని పెంచి రూహ్ ఖస్ పరిమళం ఆశించేవానికి ఆశాభంగం తప్పదు. నేనిప్పుడు కన్నౌజ్ ప్రస్తావన వచ్చినచోట ‘ఉత్తరాది ఖస్’ అనే వ్రాస్తున్నాను. వాక్యం కొంచెం బరువెక్కినా సరే.